రాళ్లకు నీళ్లు పోసే వెంకటరత్నం గారు

వెంకటరత్నం గారు రాళ్లకు నీళ్లు పోస్తారు. ఇందులో గూఢార్థమేమీ లేదు. లోకంలో మొక్కలకు నీళ్లు పోసేవాళ్లున్నారు, పిట్టలకు మూకుట్లో పోసి పెట్టేవాళ్లున్నారు, ఎండాకాలం చలివేంద్రం పెట్టి దారినపోయేవాళ్లకు పోసేవాళ్లున్నారు. ఈయన రోజూ పొద్దున్న ఆరింటికి లుంగీ ఎగ్గట్టి, ఇత్తడి చెంబు పుచ్చుకుని, ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ఉన్న నల్లరాళ్ల కుప్పకు నీళ్లు పోస్తారు. చెంబుతో మొదలుపెట్టి, బకెట్లోకి దిగి, చివరికి మోటారు పైపుకు వస్తారు. పోస్తున్నంతసేపూ ఏదో గొణుగుతుంటారు. కుప్ప నిండా తడిసి, అడుగునుంచి నీళ్లు కారితే తప్ప ఆయనకు కాఫీ దిగదు.

బయటికెళ్లినా అంతే. ఒకసారి బంధువుల పెళ్లికి వెళ్తే, దారిలో ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించుకున్న కంకర కుప్ప కనబడింది. ఆయన స్కూటర్ ఆపి, భార్య చేతిలోని మంచినీళ్ల సీసా తీసుకుని మొత్తం దానిమీద ఒంపేశారు.

"ఏటండీ ఇది! నాకు దాహమేస్తంది" అంది భ్రమరాంబ.

"దానికీ ఏస్తది" అన్నారాయన, చాలా న్యాయంగా.

ఎదురింటి ఫణిశ్రీకి ఈయన రాళ్ల పిచ్చి చిన్నప్పటినుంచీ అలవాటే. వాళ్ల నాన్నా, వెంకటరత్నం గారూ శ్రీకాకుళం వైపునుంచి ఒకే రోజుల్లో రాయపూర్ వచ్చినవాళ్లు. నాన్న రైల్వేలో చేరితే, ఈయన ఒక ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో అసిస్టెంటుగా చేరారు. ఫణిశ్రీ ఆయన్ని బాబాయ్ అనీ, భ్రమరాంబను పిన్నీ అనీ పిలుస్తుంది. మిగతా పిల్లల్ని వాళ్ల బాబాయిలు సర్కస్‌కు తీసుకెళ్తే, ఈ బాబాయ్ ఫణిశ్రీని స్కూటర్ ముందు నిలబెట్టుకుని సిల్తరా వైపు తీసుకెళ్లి, ఫ్యాక్టరీల వెనక పేరుకుపోయిన స్లాగ్ దిబ్బలు చూపించేవారు. కొలిమిలో ఇనుము కరిగినప్పుడు పైకి తేలే చిట్టెం చల్లారి గట్టిపడితే అదే స్లాగ్. ఫ్యాక్టరీవాళ్లకు అది చెత్త.

"ఇయ్యి దిబ్బలనుకుంటన్నావేటే? పడుకున్న రోడ్లు. లేపేవోడు లేక పడున్నాయి" అనేవారు. ఏడేళ్ల ఫణిశ్రీ ఆ రోడ్లు ఎప్పుడు లేస్తాయోనని కళ్లు ఆర్పకుండా చూసేది. సర్కస్ కంటే ఇదే బాగుందని కూడా ఒకసారి అంది. ఆ ఒక్క మాటతో ఆయన ఆమెను మనిషిగా గుర్తించారు.

ఈ నీళ్ల పిచ్చికి ఒక చరిత్ర ఉంది. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలో ఒకప్పుడు కొలిమినుంచి వచ్చిన స్లాగును వచ్చినట్టే కాంక్రీటులో కలిపి యార్డులో ఫ్లోరు పోయించారు. "సార్, దీని కడుపులో పచ్చి సున్నం ఉంది. నీళ్లు తగిలితే ఉబ్బుతాది. ముందే తడిపి తడిపి ఆ ఉబ్బేదేదో బయటే ఉబ్బనిచ్చి, మాగాక వాడాలి" అని ఈయన మొత్తుకున్నారు. ల్యాబ్ అసిస్టెంటు మాట ఎవరు వింటారు? రెండు వర్షాకాలాలు తిరిగేసరికి ఫ్లోరు అప్పడంలా పొంగింది. యార్డు మేనేజరు కుర్చీ ఒక పక్కకు ఒరిగిపోయి, ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఒరిగే కూర్చున్నాడు. అప్పట్నుంచి వెంకటరత్నం గారి జీవితంలో మనుషులు రెండే రకాలు. రాయి మాగేదాకా ఆగేవాళ్లు, ఆగలేనివాళ్లు.

మాగిందో లేదో తెలుసుకోవడానికి ఆయన దగ్గర ఒక పరీక్ష ఉంది. భ్రమరాంబ ప్రెషర్ కుక్కరు. వారానికోసారి కుప్పలోంచి గుప్పెడు రాళ్లు తీసి, డబ్బాలో వేసి, కుక్కర్లో పెట్టి, గంటలకొద్దీ ఆవిరి పట్టిస్తారు. పచ్చి రాయైతే విచ్చుకుంటుంది, మాగిన రాయి చెక్కుచెదరదు.

"పప్పుకి మూడు సీటీలు, తమరి రాళ్లకి ముప్ఫయ్యా?" అనేది భ్రమరాంబ. "మన గల్లీ మొత్తంలో రోజంతా కుక్కరు కూసేది మనింట్లోనే. ఇంట్లో ఉన్నది ఇద్దరం. చుట్టుపక్కలోళ్లు మనం ఎంత తింటన్నామనుకుంటన్నారో!"

రిటైరయ్యేటప్పుడు ఫ్యాక్టరీలో అందరికీ గోడగడియారం ఇస్తారు. ఈయన గడియారం వద్దన్నారు. కంకర సైజుకు కొట్టిన స్లాగ్ నాలుగు టిప్పర్లు కావాలన్నారు. జనరల్ మేనేజరు ఈ మాట రెండుసార్లు అడిగి నిర్ధారించుకుని, స్థలం ఖాళీ చేసి పెడుతున్నందుకు మేమే మీకు సన్మానం చేయాలి అన్నాడట. ఆ నాలుగు టిప్పర్లే ఖాళీ ప్లాటులోని కుప్ప. అందులోంచి ఒక్క రాయి ఎవర్నీ ముట్టనివ్వరు. గుంత పూడ్చుకుందామని తట్టెడు ఎత్తుకెళ్లిన మేస్త్రీ వెంట గల్లీ చివరిదాకా పరిగెత్తి, తట్టతో సహా వెనక్కి తెచ్చుకున్నారు.

ఇంత ముద్దొచ్చే మనిషిమీద ఫణిశ్రీకి ఒక కోపం ఉండేది. అది రెండు వేల పదిహేడు ఏప్రిల్ పన్నెండో తేదీనాటి కోపం. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ రోజే ఆమెకు మునిసిపాలిటీలో జూనియర్ ఇంజనీరుగా ఉద్యోగం కాగితం వచ్చింది. దూద్‌పేడాల డబ్బా పట్టుకుని మొదట పరిగెత్తింది బాబాయ్ దగ్గరికే.

"బాబాయ్, ఉద్యోగమొచ్చింది!"

"ఏటి డిపార్ట్‌మెంటు?"

"రోడ్లు."

"ఎక్కడ?"

"మన జోన్‌లోనే."

ఆయన చేతిలో పేడా వైపు ఒకసారి, వీధి వైపు ఒకసారి చూశారు. పేడాను కిటికీ గట్టుమీద పెట్టారు. చెప్పులు తొడుక్కున్నారు. స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. శుభం అనలేదు, సంతోషం అనలేదు. ఆ పేడాను సాయంత్రానికి చీమలు పట్టుకుపోయాయని పిన్ని తర్వాత చెప్పింది. ఫణిశ్రీ మనసు చివుక్కుమంది. ఆ కోపాన్ని పచ్చడిలా జాడీలో పెట్టి దాచుకుంది.

ఇక ప్రేమ్‌చంద్ సంగతి చెప్పాలి. ఊళ్లో పండరీ బజారులో బట్టల కొట్టు ఉన్న ప్రేమ్‌చంద్ వెంకటరత్నం గారి పక్కింట్లో ఉంటాడు. భక్తిపరుడు. పొద్దున్నే ఒక పెద్దాయన నల్లరాళ్లకు ఇత్తడి చెంబుతో నీళ్లు పోస్తూ, అర్థంకాని భాషలో ఏదో జపిస్తుంటే ఆయన ఏమనుకోవాలి? శివుడికి అభిషేకాలు చేసే శ్రావణం మొదటి సోమవారం రాగానే కుటుంబంతో సహా లోటా నిండా పాలతో వచ్చి నిలబడ్డాడు. లోటా వంచబోతుంటే వెంకటరత్నం గారు పైపు పారేసి అడ్డంపడ్డారు.

"దూధ్ నహీఁ! పాలు వద్దు! పానీ, సిర్ఫ్ పానీ!"

"నియమమా బాబూజీ?"

"నియమమే. పాలు పడితే నా పరీక్ష నాశనం."

తర్వాత ఆయన ఫ్యాక్టరీ, కొలిమి, సున్నం, ఉబ్బడం అన్నీ హిందీలో పావుగంట వివరించారు. ఇది దేవుడు కాదు, కంకర అని నాలుగుసార్లు చెప్పారు. ప్రేమ్‌చంద్ చేతులు జోడించి ఓపిగ్గా విన్నాడు. ఇంటికెళ్లి, నిజమైన సాధకులు తమ సాధన గురించి ఇలాగే దాచిపెడతారు అని భార్యకు చెప్పాడు. మర్నాటినుంచి గల్లీలో పది ఇళ్లవాళ్లు లోటాలతో రావడం మొదలుపెట్టారు. పాలు లేవు, పూలు లేవు, నియమప్రకారం నీళ్లే. దసరానాటికి ఎవరో మోటారు పైపుకు ఎర్రదారం కూడా కట్టారు.

"నిజం చెప్తే నమ్మరేటి వీళ్లు!" అని ఆయన తల పట్టుకున్నారు.

"పోనీండి, మీ నడుం నొప్పికి కలిసొచ్చింది" అంది భ్రమరాంబ.

ఆ గొణుగుడు జపం కాదని ఫణిశ్రీకి తెలుసు. ఆయన అంకె చదువుతుంటారు. రోజుకొక అంకె. మర్చిపోకుండా నీళ్లు పోసినంతసేపూ అదే అంటుంటారు. ఒకరోజు నూట పన్నెండు, మర్నాడు నూట పదమూడు. దేని లెక్క అని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే గంట పడుతుంది, ఆఫీసుకు ఆలస్యమవుతుంది.

మరుసటి ఏడు ఏప్రిల్లో ఫణిశ్రీ టేబుల్ మీదికి మొదటి సొంత రోడ్డు వచ్చింది. తమ గల్లీయే. నూట ఇరవై మీటర్లు. వానాకాలంలో ఆటోవాళ్లు గల్లీ మొగలోనే దింపేసి దణ్ణం పెట్టి వెళ్లిపోయే గల్లీ. ఇరవై ఏళ్లుగా ప్రతి లిస్టులోనూ ఉండి, ప్రతి లిస్టులోంచీ జారిపోయిన గల్లీ. చిన్నప్పటి పడుకున్న రోడ్లు గుర్తొచ్చి, కాంక్రీటు కంకరలో సగం మాగిన స్లాగ్ వాడి చూద్దామని ఆమె ప్రతిపాదన రాసింది. పైఆఫీసరు చదివి తల ఊపాడు.

"అచ్ఛా హై. చేసి చూడండి. బాగుంటే ఆఫీసు పేరు, పగిలితే మీ పేరు. మీ ప్రొబేషన్ ఫైలు కూడా అప్పుడే చూస్తాను. వానలకు ముందే అయిపోవాలి."

కాంట్రాక్టరు అచ్చయ్య పలాసనుంచి వచ్చి స్థిరపడినవాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. మే నెల మధ్యలో నాలుగు టిప్పర్ల స్లాగ్ తెచ్చి గల్లీ మొగలో పోయించాడు. మాగినదేనా అని ఫణిశ్రీ అడిగితే, పక్కా మేడమ్, పాత కుప్పలోదే అన్నాడు. కాగితం కూడా చూపించాడు. వర్షాలకు నెలరోజులే ఉంది. నమ్మేద్దామనే ఆమెకూ అనిపించింది. ఎందుకైనా మంచిదని బాబాయిని పిలిచింది.

వెంకటరత్నం గారు వచ్చి ఒక రాయి తీశారు. వాసన చూశారు. నాలిక చివర ఆనించి, మొహం చిట్లించి ఉమ్మేశారు.

"పచ్చిది."

"రాయికి పచ్చేటండీ బాబూ?" అని నవ్వాడు అచ్చయ్య. "కూరగాయలా ఏటి? అయినా తాజా సరుకైతే ఇంకా మంచిదే కదా!"

మాట జారిందని అతనికి అప్పుడు తెలిసింది.

అందరూ భ్రమరాంబ వంటింట్లోకి నడిచారు. అచ్చయ్య రాళ్లు ఒక డబ్బాలో, ఖాళీ ప్లాటు రాళ్లు ఇంకో డబ్బాలో పెట్టి, కుక్కరు మూత బిగించారు. సీటీలు లెక్కపెట్టడం పదిహేను తర్వాత అచ్చయ్య మానేశాడు. మధ్యలో పిన్ని అందరికీ ఉప్మా పెట్టింది, ఇంకో గిన్నెలో చేసి. రెండు గంటల తర్వాత మూత తీస్తే ఖాళీ ప్లాటు రాళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అచ్చయ్య రాళ్లు సగం మరమరాల్లా విచ్చుకుని, డబ్బా అడుగున తెల్లటి పిండి దిగింది.

అచ్చయ్య నవ్వు ఆగిపోయింది. "నిజంగా తెల్దు మేడమ్. కంకరంటే కంకరే అనుకున్నాను. నేనే మారుస్తాను. కానీ మాగింది ఎక్కడ దొరుకుతాది?"

ఎక్కడా దొరకదు. ఫణిశ్రీకి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. స్లాగును తడిపి ఏడాది ఆగే ఓపిక రాయపూర్‌లో ఎవరికుంది? వానలు దాటేదాకా ఆగడానికి లేదు. మామూలు కంకరతో వేసేసి, నా ప్రతిపాదన జరిగేది కాదు సార్ అని రాసివ్వడం ఒక్కటే మిగిలింది. ఆమె వంటింటి గట్టుకు ఆనుకుని, ఆ ఉత్తరం మొదటి వాక్యం మనసులో రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఏటాలోచిస్తన్నావు?" అన్నారు వెంకటరత్నం గారు. "నాది మాగింది కదా, పట్టుకెల్లు."

తట్టెడు రాళ్లకోసం మేస్త్రీని తరిమిన మనిషి అంటున్న మాట ఇది.

"నీ కుప్పా? బాబాయ్, నాకు ఇరవై క్యూబిక్ మీటర్లు కావాలి."

"ఇరవై ఉంది. కుక్కర్లోకి ఎల్లింది పోతే పంతొమ్మిది ముప్పావు."

"సరిగ్గా ఇరవై ఎలా ఉంది?"

"టిప్పరుకి అయిదు. నాలుగైదులు ఇరవై. ఇంజనీరువి, ఆమాత్రం రాదేటి?"

ఆయన మొహం పక్కకు తిప్పుకుని కుక్కరు తోమడానికి కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన కుక్కరు తోమడం అదే మొదటిసారి అని భ్రమరాంబ కనిపెట్టింది. ఫణిశ్రీ కూడా ఏదో కనిపెట్టింది.

"బాబాయ్, ఇవాళ అంకెంత?"

"మూడు వందల తొంభై ఆరు."

ఫణిశ్రీ ఫోన్లో క్యాలెండరు తీసి వెనక్కి లెక్కపెట్టింది. ఒకటో రోజు దగ్గర ఆగింది. ఏప్రిల్ పన్నెండు. ఆ సాయంత్రం తను పండరీలో ఆఫీసుకు బట్టలు కొనుక్కుని వస్తుంటే గల్లీ మొగలో ఖాళీ టిప్పర్ ఒకటి ఎదురొచ్చింది. బాబాయ్ మీద కోపంలో ఉండి దాన్ని పట్టించుకోలేదు.

"ఆ రోజు నేనిచ్చిన పేడా గట్టుమీద పెట్టి ఎక్కడికెళ్లావు?"

ఆయన కుక్కరు ఇంకా గట్టిగా తోమారు. భ్రమరాంబకు విసుగొచ్చింది.

"ఇంకెక్కడికెల్తారమ్మా? ఫ్యాక్టరీకి. ముందు గల్లీ ఈ చివర్నుంచి ఆ చివరికి అడుగులతో కొలుచుకున్నారు. తర్వాత ఎల్లి, నెలాఖరుకిచ్చే గడియారం వద్దు, నాలుగు టిప్పర్లు ఇయ్యాలే పంపండి అని కూర్చున్నారంట. పిల్ల రోడ్డేసేనాటికి రాయి మాగుండాలని. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు కూడా ఏయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టుమీద పెట్టేశాను."

ఫణిశ్రీకి ఏడాదిగా జాడీలో దాచుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పారబోయాలో తెలియలేదు.

"ఈ రోడ్డు నాకే ఇస్తారని నీకెలా తెలుసు?"

"కొత్తగా చేరినోళ్లకి ఎవరికీ అక్కర్లేని గల్లీ ఇస్తారు. ఊరు మొత్తంలో మన గల్లీ కన్నా అక్కర్లేనిది ఇంకోటుందేటి?"

"ఇవ్వకపోతే?"

"ఇంకా మాగుతాది. రాయికేటి తొందర?"

కుప్పలోంచి నమూనా తీసి కాలేజీ ల్యాబుకు పంపితే, వారంలో బాగుందని రిపోర్టు వచ్చింది. కుక్కరు చెప్పిందే మెషీనూ చెప్పింది. మర్నాడు అచ్చయ్య మనుషులు పారలతో ఖాళీ ప్లాటుకు వచ్చారు. అక్కడ ప్రేమ్‌చంద్, ఆయన వెనక పది ఇళ్లవాళ్లు లోటాలతో అడ్డంగా నిలబడి ఉన్నారు.

"బాబూజీ, ఇదేం అన్యాయం? దీన్ని తీసుకెళ్లి రోడ్డులో వేస్తారా? దానిమీద మేం నడవాలా?"

"భాయీ, ఇది కంకరని నీకు మొదటిరోజే చెప్పాను."

"చెప్పారు. మేం నమ్మలేదు. అది మా తప్పే." ప్రేమ్‌చంద్ లోటా పైకెత్తి చూపించాడు. "కానీ ఇన్నాళ్లు మేం నీళ్లు పోసింది మరి దేనికి?"

వెంకటరత్నం గారు గడ్డం గోక్కున్నారు.

"మీ రోడ్డుకి" అన్నారు.

ప్రేమ్‌చంద్ కుప్ప వైపు చూశాడు. గల్లీలో గుంతల వైపు చూశాడు. పోయిన వానాకాలం తన తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి గల్లీ మొగదాకా ఎత్తుకుని మోసిన గుంతలవి. ఆయన లోటాలో నీళ్లు చివరిసారి కుప్పమీద పోసి, పక్కకు తప్పుకుని, మొదటి తట్ట తానే ఎత్తుతానని పట్టుబట్టాడు.

నాలుగు రోజుల్లో రోడ్డు పడింది. కొత్త కాంక్రీటును మూడు వారాలు తడుపుతూ ఉండాలని ఫణిశ్రీ చెప్పబోతే, చెప్పనివ్వలేదు ఎవరూ. పొద్దున్న ఆరింటికల్లా ప్రతి గుమ్మంలోనూ చెంబులు, లోటాలు, బకెట్లు. ఎవరింటి ముందు రోడ్డు ఆరిపోతే వాళ్లను ప్రేమ్‌చంద్ పేరుపెట్టి కేకేసేవాడు. అచ్చయ్య తడపడానికి పెట్టిన మనిషికి చేయడానికి పనిలేక, భ్రమరాంబ పెట్టిన టీ తాగుతూ కూర్చునేవాడు. పొద్దున్నే రాళ్లకు నీళ్లు పోసే మనిషిని చూసి సాధకుడనుకున్న గల్లీ మొత్తం ఇప్పుడు రాళ్లకు నీళ్లు పోస్తోంది. వెంకటరత్నం గారు ఒక్కరే చేతులు కట్టుకుని, అరుగుమీద కూర్చుని, ఎక్కడ తక్కువయిందో చూపిస్తున్నారు.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. రోడ్డు పొంగలేదు, పగల్లేదు. ఆటోలు గుమ్మందాకా వచ్చాయి. సెప్టెంబరులో పైఆఫీసరు వచ్చి, గల్లీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తల వంచుకుని నడిచి, వెతికినది దొరక్క సంతకం పెట్టి వెళ్లాడు. ఫణిశ్రీ ఉద్యోగం ఖాయమైంది.

ఆమె మళ్లీ పేడాల డబ్బా పట్టుకుని ఎదురింటికి పరిగెత్తింది. వెంకటరత్నం గారు ఈసారి పేడా నోటిదాకా తీసుకెళ్లారు.

"కన్ఫర్మ్ అయింది బాబాయ్! ఇంకో రోడ్డు కూడా ఇస్తారట, మందిర్ హసౌద్ వైపు. వచ్చే ఏడాది."

పేడా నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఎంత పొడుగు?"

"ఆరు వందల మీటర్లు."

ఆయన పేడా వైపు ఒకసారి, ఖాళీ ప్లాటు వైపు ఒకసారి చూశారు. పేడాను కిటికీ గట్టుమీద పెట్టారు. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"ఫణీ, ఈసారి నాకు వేరే కుక్కరు కొనిపెట్టాలి, ముందే చెప్తన్నాను" అంది వంటింట్లోంచి భ్రమరాంబ.

ఫణిశ్రీ గట్టుమీది పేడా తీసి, చీమలకు దక్కనివ్వకుండా ఆయన నోట్లో కుక్కింది. మేకుకు వేలాడుతున్న స్కూటర్ తాళం తీసి చేతిలో పెట్టింది.